సండేస్కూల్ పాఠానికి దోశపిండి

వందనాలు సిస్టర్. కోరాపుట్‌లో మీ సండేస్కూల్ పిల్లలకు ఇంటి వస్తువులతో చెప్పినా బైబిల్ వాక్యం గుర్తుండట్లేదన్నారు. వస్తువు చూపించి, చివర్లో వాక్యం అతికిస్తే అంతే. ముందు వాక్యం ఎంచుకోండి.

మత్తయి 13:33 తీసుకోండి: పిండిలో దాచిన పులిపిండి పిండంతా పులిసేలా చేసినట్టే పరలోకరాజ్యం అని యేసు చెప్పిన ఉపమానం. శనివారం రుబ్బిన దోశపిండిలో చెంచాడు పులిసిన పిండి బాగా కలిపి, గాజు గ్లాసులో సగానికే పోసి, పిండి మట్టానికి దారం కట్టండి. నిండా పోస్తే పొర్లిపోతుంది. మీ కొండల చలికి రాత్రికి రాత్రే పొంగదు, మధ్యాహ్నమే కలిపి పొయ్యి దగ్గర వెచ్చగా ఉంచండి. ఆదివారానికి పిండి దారం దాటుతుంది, గాజులోంచి బుడగలు కనిపిస్తాయి. "నిన్న వేసిన చెంచాడు పిండిని వేరుచేసి చూపగలరా?" అని అడగండి. వాళ్లు వెతికాకే వాక్యం చదవండి.

అదే పులిపిండి 1 కొరింథీ 5:6లో చెడుకు గుర్తు. చిన్నపిల్లలకు ఆ రెండు వాక్యాలూ ఒకే రోజు చెప్పొద్దు, తికమకపడతారు.