ఎవరి పక్కన తక్కువ?

అబ్బాయీ,

నీ కథలో మధు ‘నేను దేనికీ పనికిరాను’ అని తొమ్మిదిసార్లు అనుకున్నాడు. నాలుగోసారికే నాకు విసుగొచ్చింది. కానీ పిన్నివాళ్ల గృహప్రవేశంలో వాడు సాంబారు బకెట్టు పట్టుకుని చివరి బంతి లేచేదాకా తిరుగుతూనే ఉన్నాడు చూడు, కూర్చుంటే ఎవరో ఒకరు ‘ఇప్పుడేం చేస్తున్నావురా?’ అంటారని! ఆ నాలుగు వాక్యాల కోసమే ఈ ఉత్తరం.

ఆ వెంటనే ‘న్యూనతాభావం అతన్ని దహించివేసింది’ అని రాసి చెడగొట్టుకున్నావు. ఇలాంటి వాక్యం కిందే గీత గీసి ‘మానసిక సంఘర్షణ బాగుంది’ అనే సంపాదకులున్నారు. వాళ్ల మాట వినకు.

తక్కువవాణ్ణని అనిపించడం వెనక ఎప్పుడూ ఒక లెక్క ఉంటుంది. ఎవరితో పోల్చి, ఏ విషయంలో, ఎవరి కళ్లముందు? మనిషి తనకు దగ్గరగా ఉన్నవాడితోనే పోల్చుకుంటాడని, అంతరం పెరిగేకొద్దీ ఆ పోలిక సడలుతుందని మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లోనే చెప్పాడు. అందుకే కలెక్టరు కారు దిగే దృశ్యం మధుని తాకదు. హైదరాబాద్ అశోక్‌నగర్లో ఒకే గదిలో ఉండి చదివి, గ్రూప్-2 కొట్టిన పిన్ని కొడుకు తాకుతాడు. వాడికి నువ్విచ్చింది ఒక్క వాక్యం. కలెక్టర్ని తీసేసి ఆ చోటు వాడికివ్వు.

ఎర్ర పెన్సిలు తీసుకుని ఆ తొమ్మిది చోట్లా కొట్టెయ్యి. ప్రతిచోటా పై పేరా చూడు. మూడు ప్రశ్నలకూ అక్కడ జవాబుంటే ఏమీ చేర్చకు. లేకపోతే మధు చేత ఒక పని చేయించు: అడగకముందే సంజాయిషీ ఇచ్చుకోవడం, గ్రూప్ ఫొటో తీస్తానని ఫోను తనే లాక్కోవడం, మెచ్చుకుంటే మాట మార్చడం, అక్కర్లేని చోట గొప్పలు పోవడం. ఈ చివరిది అందరూ మర్చిపోతారు. తక్కువవాణ్ణనుకునేవాడు తల వంచుకునే ఉండాలని రూలేం లేదు.

చిన్నప్పుడు నాన్న తిట్టాడన్న ఒకటిన్నర పేజీని ఒక్క వాక్యానికి దించు. కారణం అదొక్కటే అని తేల్చేస్తే మధు రోగిలా కనిపిస్తాడు.

ఇక ముగింపు. ఉద్యోగం రాగానే బాధ మాయమైందన్నావు. పోటీ కథలకు బాగా అచ్చొచ్చిన అబద్ధమిది. పెద్ద చదువులూ హోదాలూ సంపాదించాక కూడా, అదంతా అదృష్టమనో ఎంపిక చేసినవాళ్ల పొరపాటనో నమ్మే ఆడవాళ్ల గురించి 1978లో పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వవేత్తలు రాశారు. ఎప్పుడో ఒకప్పుడు తమ బండారం బయటపడుతుందని వాళ్ల భయం. ఆర్డరు చేతికొచ్చాక మధుని ‘ఈసారి కటాఫ్ తగ్గింది కాబట్టి వచ్చిందిలే’ అనుకోనీ.

ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. కథ పేరు మాత్రం మార్చు. నెత్తిమీదే ‘అల్పుడు’ అని రాసేస్తే లోపల చదవడానికేముంది?

ఆశీస్సులతో.