శాపం తీయాల్సింది పెట్టినవాళ్ళే, పూజ కాదు

ప్రశ్న అడిగిన తమ్ముడి ఇంటి సంగతి క్లుప్తంగా ఇదీ. వాళ్ళ నాన్న తన చెల్లెలికి రావాల్సిన పొలం కూడా తన పేరనే రాయించుకున్నాడు. ఆ మేనత్త గుమ్మంలో నిలబడి "మీ ఇంట్లో మేళం మోగదు" అనేసి వెళ్ళిపోయింది. ఇప్పుడు అన్నకు ఎన్ని సంబంధాలు చూసినా తప్పిపోతున్నాయి. జాతకం చూసినాయన స్త్రీశాపం అన్నాడు, నివారణ పూజకు అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. ఎవరి కర్మ వాళ్ళదైనప్పుడు ఇంకొకరి నోటిమాట మనకెలా తగులుతుంది, తగిలితే పూజతో పోతుందా అని అడిగాడు. ఆశీర్వాదం మాటేమిటని కూడా అడిగాడు.

తగులుతుంది. పూజతో పోదు.

కర్మను సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని విడమరిచి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను అందులోకి పోను. శాపం అనేది కర్మకు బయటి నుంచి వచ్చి పడేది కాదు. చెల్లెలి చేత సంతకం పెట్టించుకున్న రోజే మీ నాన్నగారు చేయాల్సిన కర్మ చేసేశారు. ఆవిడ నోరు తెరిచినా తెరవకపోయినా అది విడిచిన బాణమే. ఆవిడ దాన్ని పైకి అంది, అంతే. ఏ తప్పూ లేనివాణ్ణి పట్టుకుని ఎవరెంత తిట్టిపోసినా ఏమీ కాదు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, నా కళ్ళెదుట జరిగింది కాబట్టి.

మాది మదనపల్లె దగ్గర పల్లె. పెళ్ళయిన దగ్గర్నుంచీ బెంగళూరే. మారతహళ్ళి దాటాక వర్తూరు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం, సగానికి సగం మన తెలుగువాళ్ళే. అక్కడ మెట్లూ కారిడార్లూ ఊడ్చే పనికి ఆదోని వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. ఊడ్పు అయ్యాక మా పై అంతస్తు వదిన వాళ్ళింట్లో అంట్లు తోమేది. సొంత వదిన కాదు, పిలుపు అలా అలవాటైపోయింది.

ఉగాది వెళ్ళిన కొద్దిరోజులకు వదిన గొలుసు కనబడలేదు. ఇల్లంతా వెతికారు. వెతుకుతూ ఉండగానే ఎవరో ఆ పనామె పేరెత్తారు. ఇంక అంతే, వెతకడం ఆగిపోయింది. సాయంత్రం ఆమె ఇంటికి పోతుంటే గేటు దగ్గర ఆపి సంచి తీయమన్నారు. సెక్యూరిటీ టేబుల్ మీద ఒక్కొక్కటే తీసి పెట్టింది. స్టీలు టిఫిన్ బాక్సు, పళ్ళు విరిగిన దువ్వెన, కాగితంలో చుట్టిన సగం కొబ్బరిచిప్ప, పిల్లాడి జ్వరం బిళ్ళలు. నడకకు వచ్చినవాళ్ళు, పిల్లల్ని ఆడించేవాళ్ళు అందరూ నిలబడి చూశారు. గొలుసు లేదు. లేకపోయినా సూపర్‌వైజర్ రేపటి నుంచి పనికి రావద్దన్నాడు. రాత్రికల్లా ఆమె ఫోటో చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులన్నిటికీ పాకింది.

మా సీమలో ఆడవాళ్ళు కడుపు మండితే ఇంత మన్ను తీసి ఎగజల్లి శాపం పెడతారు. మా గేటు ముందు మన్నెక్కడిది, అంతా సిమెంటు టైల్సే. ఆమె అటూ ఇటూ చూసి, క్రోటన్ మొక్క కుండీలో చెయ్యి పెట్టి పిడికెడు తీసింది. మట్టి కంటే కొబ్బరిపీచు పొట్టే ఎక్కువ ఉంది అందులో. అదే గేటు మీదికి విసిరి, "నేను తీసింటే నా బిడ్డ నాకు దక్కడు. తీయకుంటే, నన్ను దొంగను చేసినోళ్ళకు కంటి మీద కునుకు రాకూడదు. నా ఉసురు ఊరికే పోదు" అంది. తర్వాత సామాన్లు సంచిలో సర్దుకుని, కొబ్బరిచిప్ప మళ్ళీ కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే వదిన కొడుకు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దాని వెనకే అన్నయ్య ఉద్యోగం పోయింది. వీటి కంటే నన్ను భయపెట్టింది వదిన నిద్ర. అర్ధరాత్రి దాటాక కూడా కారిడార్‌లో అటూ ఇటూ నడిచే చప్పుడు మాకు కిందికి వినబడేది. ఆమె అన్నమాట అన్నట్టే జరిగింది.

జ్యోతిష్కుడి దగ్గరికి వెళ్ళారు. ఆయన హోమం అన్నాడు, జపాలు అన్నాడు, దానాలు అన్నాడు. పార్టీ హాల్లో అంతా పద్ధతిగా చేశారు, లక్షకు దగ్గర్లో ఖర్చయింది. నేను హోమాలకు వ్యతిరేకిని కాను, మా ఇంట్లోనూ చేయించుకుంటాం. జాతకశాస్త్రంలో సర్పశాపం, పితృశాపం, మాతృశాపం అని చెప్పిన మాటా నిజమే. కానీ అక్కడ చెప్పింది ముఖ్యంగా సంతానం కలగని వాళ్ళ గురించి, అదీ పూర్వజన్మలో చేసినవాటి గురించి. ఎవరికి చేశామో ఈ జన్మలో తెలియదు కాబట్టి ప్రతిష్ఠలూ దానాలూ పెట్టారు. ఎవరికి అన్యాయం చేశామో పేరూ ఊరూ తెలిసినప్పుడు కూడా ఇవే అంటగట్టడం ఎంత అన్యాయం! పెళ్ళి ఆలస్యమైతే స్త్రీశాపం, వ్యాపారం పోతే పితృశాపం, అన్నిటికీ ఒక ప్యాకేజీ. అడిగేవాళ్ళు భయంలో ఉంటారని తెలిసే అడుగుతారు. "మీరు ఎవరినైనా నొప్పించారా, వెళ్ళి కలిశారా" అని ఒక్క మాట అడిగిన జ్యోతిష్కుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి వదిన పట్టుచీర బయటికి తీస్తే, రవిక కొక్కేనికి తగులుకుని మడతలో గొలుసు ఉంది. తిరుపతిలో పెళ్ళికి కట్టుకుని వచ్చి, అలాగే మడిచి పెట్టేసిన చీర.

అన్నయ్య "హోమం అయిపోయింది కదా, ఇప్పుడెందుకు కెలుక్కోవడం" అన్నాడు. అప్పుడే నేను వదినకు మాండవ్యుడి కథ చెప్పాను. ఆయన మీద పడిందీ దొంగతనం నిందే. దొంగలు ఆయన ఆశ్రమంలో సొమ్ము దాచారు, రాజభటులు ఆయన్నీ పట్టుకుపోయారు, రాజు శూలానికి గుచ్చి కొరత వేయించాడు. తర్వాత మాండవ్యుడు యముణ్ణి నిలదీస్తే, చిన్నప్పుడు పురుగుల్ని పుల్లతో గుచ్చావు, దాని ఫలం ఇది అన్నాడు యముడు. ఇంత చిన్న తప్పుకు అంత శిక్షా అని మాండవ్యుడు ఆయన్నే శపించాడు. ఆ యముడే విదురుడై పుట్టాడు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు చేసింది పాపం కాదని కట్టడి చేసిందీ మాండవ్యుడే. ఇంతవరకూ అందరూ చెప్తారు. మరి కొరత వేయించిన రాజుకేమైంది? ఏమీ కాలేదు. నిజం తెలియగానే తానే వచ్చి కాళ్ళ మీద పడ్డాడు, ముని క్షమించాడు. కర్మల లెక్కలు చూసే యముడికి శాపం తగిలింది, కొరత వేయించినవాడికి తగల్లేదు. తేడా అంతా ఆ ఒక్క పనిలోనే ఉంది.

విష్ణుభక్తుడైన అంబరీష మహారాజు కథా అదే చెప్తుంది. అతిథిగా వచ్చిన దూర్వాసుడు స్నానానికి వెళ్ళి ఎంతకీ రాకపోతే, ద్వాదశి ఘడియలు దాటిపోతున్నాయని ఆయన కాసిన్ని నీళ్ళు తాగాడు. నాకంటే ముందే తాగుతావా అని దూర్వాసుడు కోపంతో జడ పెరికి కృత్య అనే భూతాన్ని పుట్టించాడు. చక్రం ఆ కృత్యను కాల్చేసి దూర్వాసుడి వెంటపడింది. బ్రహ్మ దగ్గరికి పరిగెత్తాడు, శివుడి దగ్గరికి పరిగెత్తాడు, చివరికి విష్ణువు కాళ్ళ మీద పడ్డాడు. చక్రం విష్ణువుది. అయినా విష్ణువు తన చేతుల్లో లేదన్నాడు, వెళ్ళి అంబరీషుణ్ణే అడగమన్నాడు. సాక్షాత్తూ విష్ణువే మధ్యలో మాఫీ చేయనన్నప్పుడు, హోమగుండం ముందు కూర్చున్న మనిషి ఎలా చేస్తాడు?

వదిన లేచింది. ఇద్దరం ఆటోలో రేకుల షెడ్లు ఉన్న చోటికి వెళ్ళి అడిగి అడిగి పట్టుకున్నాం. వదిన ఏడుస్తూ శాపం వెనక్కి తీసుకోమంది. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "శాపం సంగతి నేనెప్పుడో మరిసిపోయినా మేడమ్. కడుపు మండి ఏదో అంటి. నా పదకొండు దినాల జీతం సూపర్‌వైజర్ ఆపేసినాడు, అది ఇప్పీండి. ఫోన్లల్లో నా ఫోటో తిప్పినారు గదా, అది అబద్ధమని ఆ ఫోన్లల్లోనే పెట్టండి. యాడికి పోయినా గేటు కాడే నిలబెట్టి పంపిచ్చేస్తా ఉండారు" అంది.

వదిన అదే రాత్రి తన పేరుతో, గొలుసు ఎక్కడ దొరికిందో ఫోటోతో సహా, అన్ని గ్రూపుల్లో పెట్టింది. మనమెందుకు తగ్గాలని మా వాళ్ళలోనే కొందరు గొణిగారు. జీతం డబ్బు కోసం అసోసియేషన్ వాళ్ళతో కొట్లాడాల్సి వచ్చింది, అదీ ఇప్పించింది. ఆ వారం నుంచి పైనుంచి నడక చప్పుడు లేదు. సంక్రాంతి లోపల అన్నయ్యకు ఇంకో ఉద్యోగం దొరికింది. కాకతాళీయం అనేవాళ్ళు అనుకోవచ్చు. నేను అనుకోను.

ఇక్కడ ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఆమెను గెంటేసిన రోజు మా వాళ్ళే కొందరు "దాని కర్మ, అలా రాసిపెట్టి ఉంది" అన్నారు. కర్మ సిద్ధాంతాన్ని ఇంతకంటే పాడు చేసే మాట లేదు. కర్మ అనేది నా చేతులు చూసుకోవడానికి, ఎదుటివాడి ఏడుపు మీద మూత పెట్టడానికి కాదు. నాకు కష్టం వస్తే నేను ఏం చేశానో వెతుక్కోవాలి. పక్కవాడికి కష్టం వస్తే వెళ్ళి చెయ్యి పట్టుకోవాలి. మనం దీన్ని సరిగ్గా తిరగేసి వాడుతున్నాం.

బెంగళూరులో శాపం అనగానే అందరూ మైసూరు వైపు కావేరి ఒడ్డున ఉన్న తలకాడు పేరెత్తుతారు. 1610లో మైసూరు దొర రాజ ఒడెయరు శ్రీరంగపట్నాన్ని విజయనగర ప్రతినిధి తిరుమలరాజు చేతుల్లోంచి తీసుకున్నాడు. ఆ తర్వాత నగల కోసం ఒడెయరు మనుషులు వెంటపడితే, తిరుమలరాజు భార్య అలమేలమ్మ తలకాడు ఇసుక కావాలని, పక్కనున్న మాలంగి మడుగు కావాలని, మైసూరు దొరలకు పిల్లలు లేకుండా పోవాలని శపించి కావేరిలో దూకిందంటారు. చుట్టాలతో వెళ్ళి చూశాను. పాతాళేశ్వరుడి గుడికి మెట్లు దిగి పోవాలి, చుట్టూ ఇసుకే. ఎగువన కట్టిన పాత ఆనకట్ట వల్ల నది దారి మారి, గాలికి ఇసుక మేట వేసిందని మా చెల్లెలి కొడుకు దారంతా వాదించాడు. అయ్యుండొచ్చు, ఇసుకకు కారణం చెప్పుకోవచ్చు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. మైసూరు రాజవంశం వాళ్ళు అలమేలమ్మ బొమ్మ పెట్టుకుని పూజిస్తూ వచ్చారు. 2013లో శ్రీకంఠదత్త ఒడెయరు పిల్లలు లేకుండానే పోయారు. 2015లో ఆయన భార్య ప్రమోదాదేవి యదువీర్‌ను దత్తత తీసుకున్నారు, 2017లో యదువీర్‌కు కొడుకు పుడితే శాపం తీరిందని జనం చెప్పుకున్నారు. తీరిందో లేదో గానీ, 400 ఏళ్ళు ఎందుకు పట్టింది? క్షమించమని అడగడానికి ఆ మనిషి లేదు కాబట్టి. మీ మేనత్త బతికే ఉంది.

ఆశీర్వాదం గురించి కూడా అడిగారు. అదీ ఇలాంటిదే, నిండిన మనసు నుంచి వస్తేనే పనిచేస్తుంది. ఇక్కడి కల్యాణ మంటపాల్లో చూస్తుంటాను, "శతమానం భవతి" అని పురోహితుడు అంటుంటే జనం పదో వరుసలోంచి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తో అక్షింతలు విసురుతారు. అవి కెమెరా వాళ్ళ నెత్తిన పడతాయి. దగ్గరికి వెళ్ళి తల మీద చెయ్యి పెట్టే ఓపిక ఎవరికీ లేదు. దసరాకు ఆ ఆదోని ఆమె మా గేటు దగ్గర కనబడింది, ఇప్పుడు పక్క అపార్ట్‌మెంట్‌లో పని. కర్ర లేకుండా నడుస్తున్న వదిన కొడుకుని చూసి తల నిమిరి "సల్లంగుండు నాయనా" అంది. ఎవరూ అడగలేదు. ఆ పిల్లాడికి అంతకు మించిన రక్ష ఏ తాయెత్తులోనూ లేదని నా నమ్మకం.

మీ సంగతికి వస్తాను. మీ మేనత్త అడిగింది భిక్ష కాదు. ఆంధ్రలో 1985 నుంచే ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు ఇచ్చే చట్టం వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆవిడ విషయంలో ఏ చట్టం వర్తిస్తుందో వకీలు చెప్తాడు. ధర్మం చెప్పడానికి వకీలు అక్కర్లేదు, ఆవిడ ఆ ఇంటి ఆడబిడ్డ. మీరో మీ అన్నో వెళ్తే చాలదు. రాయించుకున్నది మీ నాన్నగారు, వెళ్ళాల్సిందీ ఆయనే, మాట్లాడాల్సిందీ ఆయనే. చీరా పండ్లూ పట్టుకుని వెళ్ళి భోజనం చేసి వచ్చేస్తే పని కాదు. ఆవిడ వాటా పసుపు కుంకుమ కింద ఆవిడ పేర రిజిస్టరు చేయించండి. తర్వాత సంబంధాలు చూసేటప్పుడు ఆవిడను ముందు పిలవండి, అన్నను పెళ్ళికొడుకుని చేసేనాడు నలుగు ఆవిడ చేతే పెట్టించండి. జ్యోతిష్కుడికి ఇచ్చిన అడ్వాన్సు పోతే పోనివ్వండి, మిగతా డబ్బు మాత్రం ఆయనకు కట్టకండి. రిజిస్ట్రేషన్ ఖర్చులకు పనికొస్తుంది.