పాత హారర్ సంకలనాల మీద యూనివర్సిటీలో మాట్లాడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. చాలా ఏళ్లుగా పాత ఇంగ్లీష్ హారర్ కథల సంకలనాలు పోగేస్తున్నాను, ఎక్కువగా 1920ల నుంచి 1970ల దాకా వచ్చినవి. ఆ సంగతి తెలిసి ఒక యూనివర్సిటీ ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్ వాళ్లు మా స్టూడెంట్స్‌కి ఒక గంట మాట్లాడండి అని పిలిచారు. సరే అనేశాను గానీ నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు, కథలు చదవడం ఒక్కటే తెలుసు. గోథిక్ నవలల దగ్గర్నుంచి వరసగా చరిత్రంతా చెప్పనా? ఎన్ని పుస్తకాలు తీసుకెళ్లాలి? అంతా రాసుకుని చూసి చదివేస్తే పర్లేదా?

జవాబు: చరిత్రంతా మాత్రం వద్దండీ. గంటలో రెండొందల ఏళ్లు చెప్పబోతే చివరికి మిగిలేవి పేర్లూ సంవత్సరాలే, అవి వాళ్లకి ఫోన్‌లో దొరుకుతాయి. మీ దగ్గర ఉండి వాళ్ల దగ్గర లేనిది ఒకటుంది, మీరు ఆ పుస్తకాల్ని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివారు. సిలబస్‌లో కథ ఒంటరిగా వస్తుంది, మొదట అచ్చయినప్పుడు దాని పక్కన ఏ కథ ఉందో, దాన్ని ఎవరు ఏరారో, ఎక్కడినుంచి తెచ్చారో పిల్లలకి తెలిసే అవకాశమే లేదు. సంకలనం గురించి మాట్లాడటమంటే అదే కదా, ఒక మనిషి ఏది ఏరాడు, దేని పక్కన పెట్టాడు అని.

అందుకని ఒక్క పుస్తకం తీసుకోండి, దాని విషయసూచిక స్క్రీన్ మీద పెట్టండి, గంటలో సగానికి పైగా అక్కడే ఉండండి. నేనైతే 1959లో హెర్బర్ట్ వాన్ థాల్ ఎడిట్ చేయగా పాన్ అనే ప్రచురణ సంస్థ వేసిన పాన్ బుక్ ఆఫ్ హారర్ స్టోరీస్ మొదటి సంపుటం పట్టుకుంటాను. ఆ సిరీస్ 1989 దాకా మొత్తం 30 సంపుటాలు నడిచింది, మొదటి 25 ఆయనవే. ఆ ఒక్క పేజీలో ఎవరెవరున్నారో చూడండి, డ్రాక్యులా రాసిన బ్రామ్ స్టోకర్, సాహిత్యంలో పేరున్న నవలా రచయితలు మ్యూరియల్ స్పార్క్, ఆంగస్ విల్సన్, వాళ్ల మధ్యలో వియర్డ్ టేల్స్ అనే అమెరికన్ చవక పత్రికకి రాసుకునే సీబరీ క్విన్. క్లాసురూములో వీళ్లని ఎవరూ ఒకే వరసలో కూర్చోబెట్టరు, జేబులో పట్టే పేపర్‌బ్యాక్ కూర్చోబెట్టింది. ఎందుకు కూర్చోబెట్టిందని పిల్లల్నే అడగండి, పావుగంట చర్చ దానంతటదే నడుస్తుంది.

తర్వాత ఆ పేజీలోంచి ఒక్క పేరు పట్టుకుని వెనక్కి తీసుకెళ్లండి. హేజెల్ హీల్డ్ పేరుతో ది హారర్ ఇన్ ద మ్యూజియం అని కథ ఉంటుంది, లండన్‌లో ఒక మైనపు బొమ్మల మ్యూజియంలో రాత్రంతా ఒంటరిగా ఉంటానని పందెం కాసినవాడి కథ. అది మొదట వచ్చింది 1933 జులై వియర్డ్ టేల్స్‌లో. మరుసటి ఏడాదే లండన్‌లో క్రిస్టీన్ క్యాంప్‌బెల్ థామ్సన్ అనే ఎడిటర్ తన నాట్ ఎట్ నైట్ హారర్ సంకలనాల సిరీస్‌లోకి తీసుకుంది. అక్కణ్ణుంచి పాతికేళ్లకి పాన్ పేపర్‌బ్యాక్‌లోకి వచ్చింది. అంటే ఒకే కథ రెండు దేశాలు, మూడు రకాల కాగితం, రెండు తరాల పాఠకుల్ని చూసిందన్నమాట. ఇంతా చేసి దాన్ని దాదాపు మొత్తం రాసింది ఇవాళ హారర్‌లో పెద్ద పేరున్న అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్, డబ్బు తీసుకుని వేరేవాళ్ల కథలు తిరగరాసిపెట్టే పని ఆయన చాలాకాలం చేశాడు. ఈ ముక్క మాత్రం ముందే చెప్పకండి! హీల్డ్ పేరు అలాగే ఉంచి, కథలో ఆ మనిషి చీకట్లో బొమ్మల మధ్య ఒక్కడే కూర్చుని ప్రతి చిన్న చప్పుడికీ తనకి తనే సర్దిచెప్పుకునే భాగం రెండు నిమిషాలు చదివి వినిపించి, ఆ తర్వాత చెప్పండి.

అదే పేజీలో ఫ్లేవియా రిచర్డ్‌సన్ అని ఇంకో పేరుంది చూశారా, అది ఆ థామ్సన్ గారి కలం పేరే. ఆ పేజీలోనే ఉన్న ఆస్కార్ కుక్ ఆవిడ భర్త. 1925లో ఆవిడ మొదలుపెట్టిన సిరీస్ ఎక్కువగా వియర్డ్ టేల్స్ కథల మీదే నడిచింది, రెండు షిల్లింగులకి గట్టి అట్ట పుస్తకం. చిన్నప్పుడు అవి చదివినవాళ్లే పెద్దయ్యాక పాన్ పుస్తకాలు కొని ఉంటారని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇంత పని చేసిన మనిషి పేరు ఇవాళ హారర్ అభిమానుల్లో కూడా చాలామందికి తెలీదు, అందుకే మీ ప్రసంగంలో ఆవిడకి చోటివ్వమని ప్రత్యేకంగా అడుగుతున్నాను.

పుస్తకాలు మూడు చాలు. పాన్ మొదటిది, నాట్ ఎట్ నైట్‌లో మీ దగ్గర ఏదుంటే అది, రాబర్ట్ ఐక్‌మన్ ఎడిట్ చేయగా ఫాంటానా అనే ప్రచురణ సంస్థ వేసిన దెయ్యం కథల సంపుటం ఒకటి. 1964 నుంచి ఎనిమిది సంపుటాలు చేశాడాయన, ముందుమాటల్లో దెయ్యం కథ కవిత్వానికి దగ్గర చుట్టం అని వాదిస్తాడు. పాన్ సిరీస్ పోనుపోను రక్తపాతం వైపు వెళ్తుంటే అదే కాలంలో ఈయన పూర్తిగా ఎదురు దారిలో వెళ్లాడు, రెండూ పక్కపక్కన పెడితే ఎడిటర్ అభిరుచి అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

రాసుకుని చదవొద్దు. మొదటి నాలుగు వాక్యాలు, చివరి నాలుగు వాక్యాలు రాసుకోండి, మధ్యలో విషయసూచికే మీ నోట్స్.

ప్రశ్న: ప్రొఫెసర్లు ఎవరైనా లేచి, ఇవన్నీ రైల్వే స్టేషన్ పుస్తకాలు కదా, సాహిత్యంలో వీటి స్థానమేంటి అంటే ఏం చెప్పాలి?

జవాబు: గొడవపడకుండా రెండు సంగతులు చెప్పండి. 1816లో జెనీవా సరస్సు పక్కన వాన వదలక ఇంట్లో ఉండిపోయిన కవులు బైరన్, షెల్లీ, తర్వాత షెల్లీ భార్య అయిన మేరీ, బైరన్ డాక్టర్ పొలిడోరి చదువుకున్నది ఫాంటస్మగోరియానా అనే సంకలనం, జర్మన్ దెయ్యం కథల్ని 1812లో ఫ్రెంచ్‌లోకి తెచ్చిన పుస్తకం. ఆ చదువులోంచే మనమూ తలో కథ రాద్దాం అనే పందెం పుట్టింది, మేరీ రాసిన ఫ్రాంకెన్‌స్టైన్ అక్కడే మొదలైంది. రెండోది, డి.హెచ్. లారెన్స్ ది రాకింగ్ హార్స్ విన్నర్ 1926లో లేడీ సింథియా ఆస్క్విత్ తెచ్చిన ది ఘోస్ట్ బుక్‌లో ఉంది, ఇవాళ ఎన్నో సిలబస్‌లలో ఉన్న కథ అది. అంతమాత్రాన ప్రతి కథనీ వెనకేసుకు రావద్దు, నాసిరకం కథలు చాలానే ఉన్నాయి, ఉన్నాయని ఒప్పుకుంటే మీరు బాగుందన్న కథని నమ్ముతారు.

ప్రశ్న: కొన్ని కథల్లో జాతి గురించి, ఆడవాళ్ల గురించి చాలా చెడ్డ రాతలున్నాయి. అవి వదిలేసి చెప్పొచ్చా?

జవాబు: చదివి వినిపించే భాగంలో అవి లేకుండా చూసుకోండి, కానీ అవి లేనట్టు మాట్లాడొద్దు. పాన్ మొదటి సంపుటంలో స్టోకర్ కథ, ద స్క్వా, 1893 నాటిది, దాని పేరే అమెరికా ఆదివాసీ స్త్రీలని కించపరిచేది. దాన్ని 1959లో ఎడిటర్ ఏ వివరణా లేకుండా మళ్లీ ఎందుకు వేసుకోగలిగాడన్నది మంచి చర్చే. ఆ ప్రశ్న మీరే ముందు ఎత్తండి, స్టూడెంట్ లేచి ఎత్తేదాకా ఆగొద్దు.

ప్రశ్న: పుస్తకాలు అందరి చేతికీ ఇవ్వొచ్చా?

జవాబు: పేపర్‌బ్యాక్‌లు వద్దు. ఆ కాగితంలో ఆమ్లం ఎక్కువ, పసుపెక్కి పెళుసుబారి ఉంటుంది, వెన్ను దగ్గర జిగురు ఎండిపోయి ఉంటుంది, ఎవరో ఒకరు బల్ల మీద బోర్లా పరిచారంటే పేజీలు ఊడొస్తాయి. అట్టలూ విషయసూచికలూ ముందే ఫొటో తీసి స్లైడ్స్‌లో పెట్టుకోండి. ప్రసంగం అయ్యాక దగ్గరికొచ్చినవాళ్లకి మీరే సగం తెరిచి పట్టుకుని చూపించండి, వాసన చూస్తామంటారు, చూడనివ్వండి.