చికానో కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ కథ అందింది, చదివాను. వాక్యం మీద నీకు పట్టుంది, అందులో అనుమానం లేదు. కానీ శాన్‌డియాగోలో పుట్టి పెరిగిన నీ చికానో కుర్రాడు, అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికా కుర్రాడు, కథంతా 'నేను మెక్సికన్‌నా, అమెరికన్‌నా' అని కుమిలిపోతూనే ఉన్నాడు. హెచ్‌1బీ మీద వెళ్లిన మన ఇళ్లలో పిల్లలు పడే టెన్షన్‌ని తీసుకెళ్లి అతనికి తగిలించావు.

మనవాళ్లు టికెట్ కొనుక్కుని విమానం ఎక్కారు. చికానోల్లో కొన్ని కుటుంబాలు అసలు ఊరే కదల్లేదు. 1848లో మెక్సికో, అమెరికా మధ్య జరిగిన గ్వాదలూపే హిదాల్గో ఒప్పందంతో కాలిఫోర్నియా, న్యూమెక్సికో అమెరికా చేతికి పోయాయి. అక్కడున్నవాళ్లు ఉన్నచోటే పరాయివాళ్లయ్యారు. 'మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది' అని వాళ్లు ఊరికే అనరు. తర్వాత కూలి పనులకు వచ్చినవాళ్లే ఎక్కువ, నిజమే. వాళ్ల పిల్లలూ ఈ నేల మీద మాకు హక్కుందనే అడిగారు. అందుకే నీ కుర్రాడి మనసులో గుబులు సంగతి తర్వాత. ముందు అతను ఎవర్ని ఏం అడుగుతున్నాడో తేల్చు.

శాన్‌డియాగోనే ఎంచుకున్నావు గనక అక్కడి చికానోల పేట బ్యారియో లోగన్ సంగతి చూడు. ఆ పేట మధ్యలోంచి హైవే వేశారు. ఆ తర్వాత కొరొనాడో వంతెన స్తంభాలు దింపారు. వంతెన కింద పార్కు ఇస్తామన్నారు. 1970 ఏప్రిల్ 22న చూస్తే బుల్‌డోజర్లు నేల చదును చేస్తున్నాయి, హైవే పోలీసు స్టేషన్ కోసమట! జనం చేతులు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. పారలు తెచ్చి తవ్వి, గడ్డీ కాక్టస్ మొక్కలూ నాటారు. పన్నెండు రోజులు అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ కాంక్రీటు స్తంభాల మీద రంగుల బొమ్మలు తర్వాత వచ్చాయి. నువ్వేమో బొమ్మల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోయావు. టూరిస్టులు చూసేదీ అంతే కదా.

ద్రాక్ష తోటల సమ్మెనీ సరిచెయ్యి. 1965 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని డెలానోలో దాన్ని మొదలుపెట్టింది ఫిలిప్పీన్స్ కూలీలు. మెక్సికన్ కూలీలు వారం దాటాక కలిశారు. ఆ సమ్మెలోనే లారీ ఎక్కి నాటకాలు ఆడారు. మెళ్లో ఓ అట్టముక్క, దాని మీద 'యజమాని' అనో 'సమ్మె కూలీ' అనో రాత, అంతే పాత్ర పరిచయం. నువ్వు అదే పనికి పేజీన్నర తీసుకున్నావు.

ఈ చికానో ఉద్యమాన్ని మరీ దేవుడి పటం చెయ్యకు. మగవాళ్లు ఉపన్యాసాలిస్తుంటే మాకు వంటా టైపింగేనా అని చికానా స్త్రీలు అప్పుడే నిలదీశారు. నీ కథలో తల్లి ఒక్క ముక్క మాట్లాడదు, టోర్టియాలు కాలుస్తూ ఉంటుంది.

ఇక అమ్మమ్మ. ఆవిడది న్యూమెక్సికో అని రాశావు. అక్కడి పాత కుటుంబాల్లో చాలామంది తమని స్పానిష్‌వాళ్లమనే చెప్పుకుంటారు. ఆ తరానికి చికానో అంటే తిట్టు కింద లెక్క. మనవడు అదే పేరు చొక్కా మీద రాయించుకుని ఇంటికొస్తే ఆవిడ ఊరుకుంటుందా? ఆ గొడవ పెట్టు, కథ దానంతటదే నడుస్తుంది.

తిరగరాసి దసరాలోపు పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్లజోడు ఇంకా మార్చలేదు.