పాప జేజినే అంటిపెట్టుకుంటోందన్న దిగులుకు సమాధానం

అమ్మా, ఉద్యోగానికి వెళ్తూ తొమ్మిది నెలల పాపను ప్రొద్దుటూరులో జేజి దగ్గర వదులుతున్నారని, సాయంత్రం మీరు చేతులు చాచినా పాప ఆమె కొంగు విడవడం లేదని రాశారు. పాప మీకు దూరమైందనుకోకండి. ఆరేడు నెలలు దాటాక బిడ్డ తనకు నమ్మకమైన మనుషులను అంటిపెట్టుకుంటుంది. ఆ మనిషి ఒక్కరే కానవసరం లేదు. పాలిచ్చినవారికే బిడ్డ అలవాటవుతుందన్నది పాత మాట: 1958లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హ్యారీ హార్లో ప్రచురించిన ప్రయోగాలలో కోతిపిల్లలు పాలిచ్చే లోహపు తీగల తల్లిబొమ్మ కన్నా మెత్తని గుడ్డ తల్లిబొమ్మనే కరుచుకుని ఎక్కువసేపు గడిపాయి (వాటిని తల్లుల నుంచి వేరుచేసిన తీరు మాత్రం నాకు రుచించదు). అందుచేత ఇంటికి రాగానే పాపను లాక్కోకుండా, జేజి ఒడిలో ఉండగానే పక్కన కూర్చుని పలకరిస్తూ, తనంతట తాను మీ మీదికి వంగేదాకా ఆగండి. ఉదయం కన్నుగప్పి జారుకోవద్దు. ఏడ్చినా సరే, చెప్పే వెళ్లండి. రాత్రి నిద్రపుచ్చే పని మీరే ఉంచుకోండి.