రీస్టోర్ చేసిన పాత సైడ్‌బోర్డ్ కొనొచ్చా? ముందు సొరుగు లాగి చూడండి

1960ల నాటి టేకు సైడ్‌బోర్డ్‌ని, అంటే గిన్నెలూ సామాన్లూ పెట్టుకునే సొరుగుల పొట్టి బీరువాని, రీస్టోర్ చేసి (బాగుచేసి) అమ్ముతున్నారు, ఫొటోల్లో కొత్తదానిలా తళతళలాడుతోంది, కొనొచ్చా అని మీలో ఒకరు అడిగారు. నాకు ఆ తళతళే నచ్చలేదండి.

ఎందుకంటే నేనూ ఒకటి చెడగొట్టినవాణ్నే. మా ఇంట్లో ఉన్న అదే కాలపు సైడ్‌బోర్డ్ మీద ఎవరో వేడి గ్లాసు పెట్టి తెల్లటి చక్రం చేశారు. తెల్ల మరక పాలిష్‌లో చిక్కుకున్న తేమ మాత్రమే, నల్ల మరకైతేనే చెక్కలోకి దిగినట్టు, ఈ సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మహా హుషారుగా శాండింగ్ మెషీన్ పట్టుకున్నా. మరక నిమిషంలో పోయింది. అక్కడితో ఆగితే సరిపోయేది, ఇంకాస్త నున్నగా చేద్దామని మళ్లీ తిప్పితే రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ తేలింది. పాత పాలిష్ కాబోలని ఇంకా గట్టిగా నొక్కా. మచ్చ అరచేయంత అయింది, మధ్యలోంచి రంపపు పొట్టులాంటిది రాలడం మొదలైంది. టేకు అంటే లోపలిదాకా టేకే అనుకున్నాను మరి! ఆ కాలపు వాటిలో చాలావరకు కాళ్లు, అంచులే గట్టి చెక్క, పెద్ద పలకలన్నీ చిప్‌బోర్డు (చెక్కపొట్టు అదిమి చేసిన అట్ట) మీదో ప్లైవుడ్ మీదో అంటించిన వెనీర్, అంటే పల్చటి టేకు పొర. ఆ పొర చాలాసార్లు మిల్లీమీటరు మందం కూడా ఉండదు.

ఏం చేశానంటారా, లప్పం పెట్టి, రంగు కలిపి, సన్న కుంచెతో చెక్క గీతలు గీసి, పైన పాలియురెథేన్ వార్నిష్ దట్టంగా కొట్టేశా. ఫొటో తీసి మా బావకి పంపితే "కొత్తది కొన్నావా" అన్నాడు. నాలాంటి చేతకానివాడే ఫొటోలో ఇంత మాయ చేయగలిగితే, రోజూ ఇదే పనిలో ఉండేవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

కాబట్టి నేరుగా వెళ్లండి. పైనుంచి చూసి ఊరుకోకండి, పక్క నుంచి టార్చి వేసి చూడండి, అతుకులు, లప్పం అన్నీ బయటపడతాయి. సొరుగు పూర్తిగా బయటికి లాగండి. మూలల్లో డవ్‌టెయిల్ జాయింట్లు (పళ్లలా ఒకదానిలో ఒకటి ఇమిడే అతుకులు) ఉన్నాయా, అడుగు అంచులు అరిగాయా చూడండి, ఎందుకంటే ఇన్నేళ్లు వాడిన సొరుగు అరక్కుండా ఎలా ఉంటుంది? చిన్న చిన్న కన్నాల కింద తాజాగా పొడి రాలి ఉంటే పుచ్చు పురుగు ఇంకా లోపలే ఉందని అనుమానించాల్సిందే. హ్యాండిల్ వెనక వాడని కన్నాలు ఉంటే అది తర్వాత మార్చిన హ్యాండిల్.

టేకు కాదు రోజ్‌వుడ్ అని గొప్పగా చెప్తే ఏ రకమో అడగండి. బ్రెజిల్ రోజ్‌వుడ్‌ని 1992లోనే సైటిస్ (అంతరించిపోయే జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) అత్యంత కఠినమైన జాబితాలో చేర్చారు, కాగితాలు లేకుండా దేశం దాటించాలంటే తంటాలే.

అన్నట్టు, టేకుకి తెల్ల పెయింట్ కొట్టి దాన్ని కూడా రీస్టోరేషన్ అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దానికంటే గీతలతో, మరకలతో ఉన్నది ఉన్నట్టు అమ్మేవాళ్లే నయం, కనీసం ఏం కొంటున్నామో తెలుస్తుంది.

పని మొదలుపెట్టకముందు తీసిన ఫొటోలు అడగండి. లేవు అంటే మాత్రం నేనైతే ఆ బేరం వదిలేస్తాను.