వండిన గిన్నెలోనే దాచుకోవాలంటే గిన్నె ఒకటి, మూతలు రెండు

మీరు అడిగింది ఇది: ఇంట్లో ఇద్దరే ఉంటారు, ఇద్దరివీ ఉద్యోగాలు, 25 లీటర్ల ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంది. అందులో వండి, మిగిలింది అదే గిన్నెకి మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకునే గాజు గిన్నెలు కొనొచ్చా, అవి పగిలిపోతాయన్న భయం నిజమేనా అని.

కొనండి. మా ఇంట్లో ఆరేళ్ళుగా రోజూ వాడుతున్నాం. పగులుతాయన్న భయం కూడా నిజమే, మా ఇంట్లో ఒకటి పగిలింది. ఎందుకు పగిలిందో తెలిశాక మళ్ళీ ఒక్కటి కూడా పగల్లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మావారిది రాత్రి షిఫ్టు. ఆయన ఇంటికొచ్చి అన్నం తినేసరికి ఒంటిగంటన్నర అవుతుంది. ఇదివరకు సాయంత్రం వండిన కూర స్టీలు డబ్బాలోకి తీసేదాన్ని. రాత్రి ఆయన దాన్ని పింగాణీ గిన్నెలోకి మార్చి మైక్రోవేవ్‌లో వేడి చేసుకునేవారు. ఒక్క కూరకి మూడు గిన్నెలు కడగాలి. అంతకన్నా బాధ, గుత్తి వంకాయలు రెండుసార్లు గరిటె పడేసరికి చిదికిపోయి పచ్చడిలా తయారయ్యేవి. ఇప్పుడు వంకాయలు ఏ గిన్నెలో ఉడికాయో అందులోనే ఉంటాయి. అర్ధరాత్రి మూత తీసినప్పుడు కూడా నేను పేర్చినట్టే, తొడిమలు పైకి ఉంటాయి. పనంతా చేసుకుని అలిసిపోయి వచ్చిన మనిషికి అలాంటి గిన్నె కనబడాలని నా కోరిక.

నిజానికి ఇది మనకి కొత్త పద్ధతేమీ కాదు. మా అత్తయ్యగారి దగ్గర రాచ్చిప్ప ఉంది. ముక్కల పులుసు అందులోనే మరుగుతుంది, అందులోనే రాత్రి దాకా ఉంటుంది. చేపల పులుసైతే మట్టి దాకలో వండి, మూకుడు బోర్లించి, మర్నాడు పొద్దున్న చద్దన్నంలోకి తీసేవాళ్ళు. చింతపండు పులుసుని అల్యూమినియం గిన్నెలోనో, కళాయి లేని ఇత్తడి గిన్నెలోనో రాత్రంతా ఉంచితే లోహం పులుపులోకి దిగుతుంది, రుచి మారిపోతుంది. రాయికీ మట్టికీ ఆ గొడవ లేదు. గాజుకీ లేదు. పులుసులూ పుల్లకూరలూ వారంలో నాలుగు రోజులు వండుకునే ఇంటికి నేను గాజే మంచిదని చెప్పడానికి మొదటి కారణం ఇదే.

ఇక పగిలిన సంగతి. మొదట్లో ఒక ఎగ్జిబిషన్‌లో చవగ్గా దొరికిందని ఒక గాజు ట్రే కొన్నాను. అడుగున 'మైక్రోవేవ్ సేఫ్' అని ఉంది, నాకు అది చాలనిపించింది. ఒక ఆదివారం ఓటీజీలోంచి కూర తీసి, అప్పుడే తడిగుడ్డతో తుడిచిన గ్రానైట్ గట్టు మీద పెట్టాను. టప్ మని ఒక్క శబ్దం. ట్రే ముక్కలైపోయింది, మరుగుతున్న పులుసు గట్టు మీంచి కిందికి కారింది. మా పాప అక్కడికి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. దానికి ఏమీ కాలేదు కానీ ఆ రోజు నా చేతుల వణుకు చాలాసేపు తగ్గలేదు. ఆ తరవాతే ఈ గాజుల సంగతి కూర్చుని చదివాను.

వేడికి ఏ గాజైనా వ్యాకోచిస్తుంది. గిన్నెలో ఒకచోట వేడి, ఇంకోచోట చల్లదనం తగిలితే ఒక భాగం పెరుగుతుంది, ఇంకో భాగం ముడుచుకుంటుంది. ఆ లాగులాటలో గాజు తెగుతుంది. కిటికీ అద్దాలకీ సీసాలకీ వాడేది సోడాలైమ్ గాజు. బోరోసిలికేట్ గాజు దాంట్లో దాదాపు మూడో వంతే వ్యాకోచిస్తుంది. అందుకే వేడికీ చల్లదనానికీ ఎక్కువ తట్టుకుంటుంది. ఈ రకం గాజుని 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో ఓటో షాట్ అనే శాస్త్రవేత్త తయారుచేశారు. అమెరికాలో కార్నింగ్ అనే గాజు కంపెనీ ఇలాంటి గాజునే రైల్వే లాంతర్లకి తయారుచేసింది. లోపల దీపం వేడి, బయట వాన చినుకు, మామూలు గాజు చిట్లిపోయేది. నా ట్రేకి జరిగింది అచ్చం అదే కదా. 1913లో ఆ కంపెనీలో పనిచేసే జెస్సీ లిటిల్‌టన్ ఆ గాజుతో చేసిన బ్యాటరీ జాడీ (బ్యాటరీలో ద్రవం నింపే పాత్ర) అడుగుభాగాన్ని కోయించి ఇంటికి తెస్తే, ఆయన భార్య బెస్సీ అందులో కేకు కాల్చారు. 1915లో పైరెక్స్ పేరుతో వంటింటి గాజు గిన్నెలు బజారుకి వచ్చాయి. మన దేశంలో బోరోసిల్ అనే గాజు కంపెనీ 1962లో మొదలైంది. ఇంటర్‌లో కెమిస్ట్రీ ల్యాబ్ బీకర్ల మీద మనం చదివిన పేరు అదే.

కాబట్టి కొనేటప్పుడు గిన్నె తిరగేసి చూడండి. 'బోరోసిలికేట్' అనీ, 'ఓవెన్ సేఫ్' అనీ రెండూ ఉండాలి, గిన్నె మీద లేకపోతే పెట్టె మీదైనా. 'మైక్రోవేవ్ సేఫ్' ఒక్కటే ఉంటే అది ఓటీజీకి కాదు. మైక్రోవేవ్‌లో ముఖ్యంగా తిండి వేడెక్కుతుంది, ఓటీజీలో గిన్నె మొత్తం 200 డిగ్రీల దాకా కాలుతుంది. రెండూ ఒకటి కాదు. తెల్లగా పాలరాయిలా మెరిసే ఒపల్ గిన్నెలు చూడ్డానికి బాగుంటాయి, కానీ వాటిమీద ఓవెన్‌కి పనికొస్తుందని స్పష్టంగా రాసి లేకపోతే వడ్డనకే ఉంచండి.

ఇక మూతల సంగతి. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. గిన్నెతోపాటు వచ్చే, నాలుగువైపులా క్లిప్పులుండే మూత ప్లాస్టిక్‌ది. చాలావాటికి పాలీప్రొపిలీన్ వాడతారు. అది దాదాపు 160 డిగ్రీలకి కరిగిపోతుంది. ఓటీజీలో మనం పెట్టే వేడి 180 పైమాటే. అంటే ఆ మూత దాచుకోవడానికే, వండడానికి కాదు. మరి మూత పెట్టి ఉడికించాల్సిన వంటలకి? గుండ్రటి క్యాసరోల్‌కి గాజు మూతే వస్తుంది. అది ఓవెన్‌లోకి వెళ్తుంది, తిరగేస్తే చిన్న పళ్ళెంలా కూడా పనికొస్తుంది. కానీ అది బిగుతుగా పట్టదు, ఫ్రిజ్‌లో కాస్త ఒరిగితే పులుసు కారుతుంది. గాజు మూత, క్లిప్పుల మూత రెండూ ఇచ్చే సెట్ దొరికితే దానికి కాస్త ఎక్కువ పెట్టినా దండగ కాదు. దొరక్కపోతే నలుచదరం గిన్నె కొని, వండేటప్పుడు పైన అల్యూమినియం ఫాయిల్ బిగించండి. కానీ ఆ ఫాయిల్ పుల్లటి కూరకి తగిలేలా ఉంచి ఫ్రిజ్‌లో పెట్టకండి, మర్నాటికి చిల్లులు పడతాయి. దాచేటప్పుడు ఫాయిల్ తీసేసి క్లిప్పుల మూతే పెట్టాలి.

వండడానికీ దాచడానికీ మధ్య చల్లార్చే సమయం ఒకటుంది. నా అనుభవంలో అసలు కష్టం అదే. ఓవెన్‌లోంచి తీసిన గాజు గిన్నె చాలాసేపు వేడిగా ఉంటుంది. తొందరపడి వేడిమీద క్లిప్పులు బిగిస్తే లోపల ఆవిరి నీరై కూరలో పడుతుంది, చల్లారాక లోపలి గాలి ముడుచుకుని మూత ఊడి రాదు. మావారు ఒక రాత్రి పావుగంట దాంతో కుస్తీ పట్టి, చివరికి పెరుగన్నం తిని పడుకున్నారు. వేడి గిన్నెని నేరుగా ఫ్రిజ్‌లో పెడితే గాజుకి ప్రమాదం, పక్కనున్న పాలూ పెరుగూ వేడెక్కుతాయి. పోనీ బయటే వదిలేద్దామా అంటే అదీ కుదరదు. వండిన పదార్థం రెండు గంటలకి మించి బయట ఉండకూడదనేది ఆహార భద్రత నియమం. గది 32 డిగ్రీలు దాటి వేడిగా ఉంటే గంటే. మన ఎండాకాలం సంగతి తెలిసిందే కదా. ముఖ్యంగా అన్నం, పులావు లాంటివి బయట ఎక్కువసేపు ఉంటే అందులో పుట్టే ఒక రకం బ్యాక్టీరియా విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

నేను చేసేది ఇది. లోతైన పెద్ద గిన్నె ఒకటి కాకుండా, లోతు తక్కువగా ఉన్న గిన్నెలు రెండు వాడతాను. ఒకటి మేం తినడానికి, ఒకటి ఆయనకి. లోతు తక్కువైతే త్వరగా చల్లారుతుంది. ఓవెన్‌లోంచి తీయగానే ఇనుప తీగల స్టాండు మీద పెడతాను, కిందినుంచి కూడా గాలి ఆడుతుంది. స్టాండు లేనప్పుడు మందంగా మడిచిన పొడి గుడ్డ వేస్తాను. ఇదివరకు ఇళ్ళలో కుండ కింద చుట్టకుదురు పెట్టేవాళ్ళే, అలాగన్నమాట. పట్టుకునే మసిగుడ్డ కూడా పొడిగా ఉండాలి, తడి మసిగుడ్డతో గిన్నె చుట్టూ పట్టుకున్నా బీట వారొచ్చు, పైగా చెయ్యీ కాలుతుంది. పైన జల్లెడ బోర్లించి ఫ్యాన్ వేస్తే ముప్పావుగంటలో గిన్నె పక్కన అరచెయ్యి ఆనించగలిగేంత చల్లారుతుంది. అప్పుడు క్లిప్పుల మూత బిగించి ఫ్రిజ్‌లో పెడతాను. మే నెలలో అదీ ఆలస్యమనిపిస్తే కూరని వేరే స్టీలు గిన్నెలోకి తీసేస్తాను. వండిన గిన్నెలోనే దాచాలన్న పట్టుదల కన్నా తిండి పాడవకపోవడమే ముఖ్యం.

వేడి చేసుకునేటప్పుడు మైక్రోవేవ్‌లో అయితే క్లిప్పులన్నీ విప్పి, మూతని ఊరికే పైన ఆనించాలి. బిగించి పెడితే ఆవిరికి మూత ఎగిరిపోతుంది. సగంలో ఒకసారి కలిపి, మధ్యలో కూడా పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. ఓటీజీలో అయితే గిన్నె ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచి, చల్లటి ఓవెన్‌లో పెట్టి అప్పుడు స్విచ్ వేస్తాను. వేడెక్కిన ఓవెన్‌లోకి ఫ్రిజ్ గిన్నె తోయకండి, బోరోసిలికేట్ అయినా సరే. ఫ్రీజర్‌లో పెట్టినది ముందురోజు రాత్రే కింద ఫ్రిజ్‌లోకి దించుకోవాలి. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు గిన్నె నిండా పొయ్యకండి, గడ్డకట్టాక పెరుగుతుంది. ఈ గిన్నెని గ్యాస్ పొయ్యి మీద మాత్రం పెట్టనే కూడదు. తాలింపు విడిగా మూకుట్లో వేసుకుని, కాస్త ఆగి, కూర మీద వెయ్యండి.

నేను ఎక్కువగా చేసేవి మూడు. గుత్తి వంకాయ: కూరిన కాయలు పేర్చి, పావు కప్పు గోరువెచ్చటి నీళ్ళు, నూనె పోసి, మూత పెట్టి 190 దగ్గర 40 నిమిషాలు, మూత తీసి ఇంకో పది నిమిషాలు. గాజు గిన్నె బయటికి తీసినా ఉడికిస్తూనే ఉంటుంది, అందుకే నాలుగైదు నిమిషాలు ముందే తీసెయ్యండి. పులావు: నానబెట్టిన బాస్మతి ఒక కప్పుకి ఒకటిన్నర కప్పు వేడినీళ్ళు, మూత పెట్టి 180 దగ్గర 35 నిమిషాలు. వేడినీళ్ళు పొయ్యకముందు గిన్నెని గోరువెచ్చటి నీళ్ళతో ఒకసారి తొలిపితే గాజుకి మంచిది.

మూడోది దిబ్బరొట్టె. ఇదివరకు కుంపటి మీద మందపాటి గిన్నె పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చేవాళ్ళు. కిందా పైనా రెండువైపులా వేడి. ఆలోచిస్తే ఓటీజీ చేసేది కూడా అదే పని. కప్పు మినపప్పు రుబ్బి రెండు కప్పుల ఇడ్లీ రవ్వ కలిపిన పిండిని, నూనె బాగా పోసిన గిన్నెలో వేసి, గాజు మూత పెట్టి 190లో అరగంట, మూత తీసి పైన ఎర్రబడేదాకా ఇంకో ఇరవై నిమిషాలు. ఇనుప మూకుడులో వచ్చినంత కరకర రాదని అత్తయ్యగారు అన్నారు, అది నిజమే. కానీ మిగిలిన రొట్టె అదే గిన్నెలో మూత కింద మర్నాటికి కూడా మెత్తగా ఉంటుంది. ఆవిడకి ఇప్పుడు పళ్ళు సరిగా లేవు. ఆ మెత్తటి రొట్టె బెల్లం పానకంలో ముంచుకుని తింటారు.

కడగడంలో ఒకటే జాగ్రత్త, స్టీలు పీచు వాడకండి. సన్నటి గీతలు పడి గాజు బలహీనపడుతుంది. అడుగంటితే నీళ్ళు పోసి రాత్రంతా నానబెడితే చాలు. మూతలోని సిలికాన్ రబ్బరుని వారానికోసారి చెంచా వెనక వైపుతో ఊడదీసి కడిగి ఆరబెట్టండి, లేకపోతే ఆ సందులో బూజు పడుతుంది. గాజుకి వాసన పట్టదు కానీ ఆ రబ్బరుకి ఇంగువా నీసు వాసనా పట్టేస్తాయి. అందుకే మా ఇంట్లో చేపలకి విడిగా ఒక మూత ఉంది. మూతకి పట్టిన పసుపు మరక ఒకటి రెండు రోజులు ఎండలో పెడితే పోతుంది.

మీ ఇద్దరికీ అయితే గాజు మూత ఉన్న లీటరున్నర క్యాసరోల్ ఒకటి, 700, 800 మిల్లీలీటర్ల నలుచదరం గిన్నెలు రెండు ముందు కొనండి. ఆరు గిన్నెల సెట్ వద్దు, అందులో సగం అటకెక్కుతాయి. కొట్టుకి వెళ్ళేముందు టేపు పెట్టి ఓటీజీ లోపలి వెడల్పు, లోతు, పై కడ్డీకీ ట్రేకీ మధ్య ఎత్తు కొలిచి రాసుకోండి. గిన్నె కొలతలో పక్కనున్న పిడుల్ని, మూత మీది గుబ్బని కూడా కలపాలి. పై కడ్డీకి గాజు తగలకుండా కనీసం మూడు వేళ్ళ ఎడం ఉండేది చూసి తీసుకోండి.